మూడు లెక్కపెట్టడానికి బర్మింగ్‌హామ్ దాకానా?

ప్రశ్న: నేను తెనాలిలో బి.ఎడ్. రెండో సంవత్సరం చదువుతున్నాను. నా మెథడాలజీ ఫిజికల్ సైన్స్. పీజీసీఈ అనే టీచర్ ట్రైనింగ్ కోసం ఇంగ్లండ్ వెళ్లాలని ఉంది. ‘టీచర్ ట్రైనింగ్‌కి కూడా ఫారిన్ వెళ్తారా ఎవరైనా?’ అని మా లెక్చరర్ గారు క్లాసులోనే నవ్వారు. అన్నయ్యేమో ఎం.ఎస్. చెయ్యమంటున్నాడు. మీరు బర్మింగ్‌హామ్‌లో ఆ కోర్సు చేసి వచ్చానని ఒకసారి ఈ శీర్షికలో రాశారు. జీతాలు, వీసాల సంగతి యూట్యూబ్‌లో బోలెడంత ఉంది. అది కాదు మేడమ్, ఆ స్కూళ్లలో నిలబడి పాఠం చెప్పినందుకు మీకు నిజంగా ఏం మిగిలింది?
– ఒక బి.ఎడ్. విద్యార్థిని, తెనాలి

జవాబు: నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే నీది. అందుకే ‘నువ్వు’ అని రాస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా.

మిగిలింది ఒక కాగితం. మా పాప బర్త్ సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే అదీ ఉంది. దాని మీద పాఠం గురించి ఒక్క ముక్క లేదు, అన్నీ అంకెలే. 1, 0, 1, 1, 2, 0, 1... అలా మొత్తం 41 అంకెలు. వాటి కథ చెప్తాను.

2015 సెప్టెంబరులో కోర్సులో చేరాను. అప్పటికే హనుమకొండలో బి.ఎడ్. చేసి (అప్పట్లో అది ఏడాదే), ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లు ఫిజిక్స్ చెప్పాను. మావారికి అక్కడ ఉద్యోగం వస్తే వెంట వెళ్లాను. పాఠం చెప్పడం నాకు వచ్చు, వీళ్ల సర్టిఫికెట్ ఒకటి చేతిలో ఉంటే చాలు అనుకుని చేరానే తప్ప నేర్చుకునేదేదో ఉందని చేరలేదు.

కోర్సు 36 వారాలు. అందులో 24 వారాలు స్కూళ్లలోనే గడపాలి, అదీ కనీసం రెండు వేరు వేరు స్కూళ్లలో. ప్రతి స్కూల్లోనూ మనకొక మెంటర్ ఉంటారు, అంటే అక్కడే పాఠాలు చెప్పే సీనియర్ టీచర్. మన పాఠం మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా వెనక బల్ల మీద కూర్చుని చూస్తారు. నా బి.ఎడ్.లో 40 పాఠాలు చెప్పాలి. చూడటానికి వచ్చిన సార్లు గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబడి, రికార్డులో ‘గుడ్, కీప్ ఇట్ అప్’ అని రాసి, హెడ్మాస్టర్ గదిలో టీ తాగి వెళ్లిపోయేవారు. తోటి విద్యార్థులకే పాఠం చెప్పే సూక్ష్మ బోధన సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. పక్క బెంచీ అమ్మాయి ఏడో తరగతి పాపలా ముఖం పెట్టి ‘కాంతి అంటే ఏమిటి టీచర్?’ అని అడుగుతుంది, మనం నవ్వాపుకుంటూ జవాబు చెప్తాం. మీ ఇంటర్న్‌షిప్ ఇప్పుడు 20 వారాలైంది కాబట్టి కాస్త మారి ఉంటుందిలే.

మొదటి క్లాసు. వాళ్ల లెక్కలో ఎనిమిదో సంవత్సరం, పన్నెండు పదమూడేళ్ల పిల్లలు, ముప్ఫై మంది. సగానికి పైగా పాకిస్తానీ, బంగ్లాదేశీ, సోమాలీ కుటుంబాల వాళ్లు. పాఠం విద్యుత్ వలయాలు, నాకు కొట్టిన పిండి. బోర్డు మీద బొమ్మ గీశాను, శ్రేణి సంధానం చెప్పాను, సమాంతరం చెప్పాను. చివర్లో అలవాటు ప్రకారం ‘అర్థమైందా?’ అన్నాను. ఇంగ్లిషులోనే అనుకో. హనుమకొండలో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు, అరవై గొంతులు కలిసి: ‘అర్థమైంది టీచర్!’ అక్కడ మధ్య వరుసలో ఒక అమ్మాయి, కోపం గానీ వెక్కిరింపు గానీ లేకుండా, ‘లేదు, మిస్’ అంది.

నా దగ్గర తర్వాతి వాక్యం లేదు. నాలుగేళ్ల సర్వీసులో ఆ ప్రశ్నకు ‘లేదు’ అన్నవాళ్లు లేరు, కాబట్టి అంటే ఏం చెయ్యాలో ఎప్పుడూ ఆలోచించలేదు. చెప్పిందే మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా.

క్లాసయ్యాక మెంటర్ ఆ కాగితం ఇచ్చాడు. యాభై దాటిన మనిషి, వుల్వర్‌హాంప్టన్ వైపు వాడు, టీ కప్పు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ‘ఈ అంకెలేమిటి?’ అని అడిగాను. ‘ప్రశ్న అడిగాక నువ్వు ఎన్ని సెకన్లు ఆగావో అవి’ అన్నాడు. ‘41 ప్రశ్నలు అడిగావు. 26 ప్రశ్నలకు జవాబు నువ్వే చెప్పుకున్నావు. పిల్లలు రాకపోయినా నీ పాఠం నడిచేది.’

రోషం రాలేదంటే అబద్ధం. తమాషా ఏమిటంటే ఇది నేను చదువుకున్నదే. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు పాఠాలను టేపు రికార్డర్లలో ఎక్కించి మరీ లెక్కగట్టింది. ప్రశ్న వేసిన టీచరు మామూలుగా ఒక సెకను ఆగితే గొప్ప. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎన్నడూ మాట్లాడని వాళ్లు మాట్లాడతారు, ‘తెలీదు’ అనేవి తగ్గుతాయి. 1970ల నాటి సంగతి ఇది. ప్రశ్నించే నైపుణ్యం అంటూ నేనే పరీక్షలో పేజీన్నర రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

మూడు సెకన్లే గదా అనిపిస్తుంది. ముప్ఫై జతల కళ్లు నీ మీదే ఉన్నప్పుడు నోరు కట్టుకుని నిలబడి చూడు. పాలు పొంగడానికి వస్తుంటే స్టవ్ కట్టెయ్యకుండా చూస్తూ నిలబడ్డట్టు ఉంటుంది. చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టమన్నాడు ఆయన. నేను తెలుగులో లెక్కపెట్టేదాన్ని. ఒకటీ, రెండూ, మూడూ. ఇంగ్లిషులో అయితే తొందరగా అయిపోతున్నాయి.

డిసెంబరులో ఒక రోజు. ఆ నెలలో అక్కడ ఎనిమిది దాటాక తెల్లవారుతుంది, నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది. చివరి పీరియడ్, ల్యాబ్ కిటికీల్లో అప్పటికే మసక. కిలోవాట్ అవర్ పాఠం, అంటే మన కరెంటు బిల్లులో ‘యూనిట్’ అనేది. ఇంట్లో ఏ పరికరం ఎంత కరెంటు తింటుంది, బిల్లు ఎంతవుతుంది, ఇవన్నీ వాళ్ల సిలబస్‌లోనే ఉన్నాయి. హనుమకొండలో ఈ పాఠాన్ని నేను కరెంటు కోతతో మొదలుపెట్టేదాన్ని. రాష్ట్రం విడిపోకముందు రోజులు గదా, పిల్లలందరికీ ఉదాహరణ నోటి నిండా ఉండేది. ఈ పిల్లలకు కోతలేం తెలుస్తాయిలే అనుకుంటూనే, పాత అలవాటు కొద్దీ నోరు జారాను: ‘మీ ఇంట్లో ఎప్పుడైనా కరెంటు పోయిందా?’

చెయ్యెత్తిన వాళ్లు లేరు. ఒకటి. రెండు. మూడో వేలు ముడుస్తుండగా కిటికీ పక్క నుంచి ఒక గొంతు. అక్టోబరు నుంచి హాజరు పిలిచినప్పుడు తప్ప ఆ గొంతు నేను విన్నది లేదు. ‘కీలో డబ్బులైపోతే పోతుంది, మిస్.’

నాకర్థం కాలేదు, మిగతా పిల్లల్లో చాలామందికి అర్థమైంది. అక్కడ ముందే డబ్బు కట్టుకునే మీటర్లుంటాయి. ప్లాస్టిక్ తాళంచెవి లాంటిది ఒకటి ఇస్తారు. వీధి చివరి కొట్టుకు తీసుకెళ్లి ఐదో పదో పౌండ్లు వేయించుకుని, తెచ్చి మీటర్లో పెట్టాలి. మన సెల్‌ఫోన్ రీచార్జిలాగే. అయిపోతే మీటరే ఓ ఐదు పౌండ్లు అప్పిస్తుంది. అదీ అయిపోతే చీకటి. పైగా ఇలా కట్టేది ఎక్కువగా లేనివాళ్లే.

బోర్డు మీద యూనిట్ 15 పెన్నీలు అని వేసి ఉంది. ‘ఐదు పౌండ్లకు ఎంత వస్తుంది?’ అన్నాను. నేను మార్కర్ మూత తియ్యకముందే ఆ అబ్బాయి ‘33 యూనిట్లు’ అన్నాడు. రెండు కిలోవాట్ల హీటర్ అయితే పదహారున్నర గంటలు నడుస్తుందని నేను రాశాను. ‘నడవదు మిస్’ అన్నాడు. ‘ఫ్రిజ్ కూడా ఉంటుంది. రోజువారీ చార్జీ కోస్తుంది. పాత అప్పు ముందే పట్టుకుంటుంది.’ నా పాఠ్యపథకంలో లేని ఈ మూడూ బోర్డు మీదకెక్కాయి. ముందు అప్పు ఐదు పౌండ్లు తీసేస్తే, పది పౌండ్లు వేసినా మిగిలేది ఐదే అని ఇంకో అమ్మాయి అందుకుంది. గంట కొట్టినా నలుగురు లేవలేదు. లెక్క పూర్తి కాలేదు మరి.

నేను గాల్లో తేలుతూ మెంటర్ దగ్గరకు వెళ్లాను. ఆయన ఫారం కింద ‘బోస్టిన్’ అని రాసి ఉంది. డిక్షనరీలో వెతికితే దొరకలేదు. వాళ్ల వైపు యాసలో ‘అదిరింది’ అని అర్థమట. అది రాసి, కప్పు కింద పెట్టి ఆయన అన్న మాట మాత్రం వేరు. ‘పాఠం బాగుంది. కానీ మా ఇంట్లో డబ్బుల్లేవని ముప్ఫై మంది ముందు ఒక పిల్లాడి చేత చెప్పించావు. చూసుకున్నావా?’

చూసుకోలేదు. ఆ సాయంత్రం పిల్లల భద్రత చూసే టీచరుకు నేను అరపేజీ నోట్ రాసివ్వాల్సి వచ్చింది. ఇంట్లో కరెంటు లేకుండా పిల్లలు ఉంటున్నారంటే అది అక్కడ రాసి పెట్టాల్సిన విషయం. రాస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మాది పరకాల వైపు ఊరు. బావి మీది మోటారుకు కరెంటు ఒక్కోసారి రాత్రి రెండింటికి వచ్చేది. అలారం పెట్టుకుని లేచి, టార్చిలైటు పట్టుకుని వెళ్లేవాడు, వెంట నేనూ వెళ్లిన రాత్రులున్నాయి. తెల్లారి నేను బడిలో తూగితే ఏ సారూ ఏ కాగితమూ రాయలేదు. ఊరంతటికీ అదే కరెంటు గదా, ఎవరి గురించని రాస్తారు?

ఆ అబ్బాయి మర్నాటి నుంచి రోజూ చెయ్యెత్తాడని చెబితే కథ బాగుంటుంది గానీ, ఎత్తలేదు. నేను ఆ స్కూల్ వదిలేలోపు రెండుసార్లు ఎత్తాడు. రెండూ తప్పు జవాబులే.

ఇంకోటి చెప్పాలి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. ఒక క్లాసులో వినికిడి తక్కువున్న పాప ఉండేది. టీచరు మెడలో చిన్న మైకు వేసుకుంటే, మాటలు నేరుగా ఆ పాప చెవి మిషన్‌లోకి వెళ్తాయి. క్లాసు అవగానే దాన్ని ఆపెయ్యాలి. ఒక రోజు నేను ఆపడం మర్చిపోయి, ల్యాబ్ పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. చలి, పని, నిద్ర లేదు, ఈ పిల్లలు పిడుగులు, వచ్చేస్తానమ్మా, ఇలా ఓ ఐదు నిమిషాలు ఏకరువు పెట్టి, అమ్మ చెప్పిందానికల్లా ‘సరే సరే’ అన్నాను. మర్నాడు ఆ పాప నా దగ్గరకు వచ్చి ‘మిస్, నిన్న మీరు మాట్లాడింది ఏ భాష?’ అంది. నా పై ప్రాణం పైనే పోయింది. తెలుగు కాబట్టి బతికాను. ‘సరే అంటే ఏమిటి?’ అని అడిగింది. చెప్పాను. జనవరి దాకా నేను ఏ పని చెప్పినా ‘సరే, మిస్’ అనేది.

బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదని నాకు నేర్పింది ఆ పాపే. పెదాలు కనబడకపోతే తనకు సగం మాట పోతుంది. నేను తిరిగిన ప్రతిసారీ పెన్సిల్‌తో బల్ల మీద టక్కున ఒక దెబ్బ. హనుమకొండలో నాలుగేళ్లు బోర్డు వైపు తిరిగి సుద్దముక్కతో రాస్తూ చెప్పిన పాఠాలు ఎంతమందికి చేరలేదో. అక్కడ ఎవరూ బల్ల కొట్టలేదు.

పేరు సంగతి కూడా చెప్తాను. అక్కడ టీచర్లను ఇంటిపేరుతో పిలుస్తారు, మిస్ ఫలానా అని. నా ఇంటిపేరు పెట్టి నన్ను పిలిచిన వాళ్లు పుట్టి బుద్ధెరిగాక లేరు. అది రేషన్ కార్డు మీద, పెళ్లి శుభలేఖ మీద ఉండే వస్తువు. మొదటి వారమంతా ఎవరో మా తాతను పిలుస్తున్నట్టు ఉండేది. పిల్లలు దాన్ని నానా వంకర్లూ తిప్పి, చివరికి మొదటి అక్షరం మిగిల్చి ‘మిస్ పి’ చేశారు. నాకూ ప్రాణం హాయి అయింది.

ఫిబ్రవరి నుంచి రెండో స్కూలు, ఊరి బయట చిన్న పట్నంలో. పిల్లలు బుద్ధిమంతులు, చెప్పింది చేసేవారు, నా బద్ధకం మళ్లీ మొదలైంది. అక్కడి నుంచి తెచ్చుకున్నది పెద్దగా ఏమీ లేదు, ఒక్క రోజు తప్ప. 2016 జూన్ 24. ముందు రోజే బ్రెగ్జిట్ ఓటింగ్ అయింది. 52 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు వెళ్దామన్నారు. అన్ని దేశాల వాళ్లుండే బర్మింగ్‌హామ్ కూడా వెంట్రుకవాసి తేడాతో అదే అంది. పొద్దున క్లాసులోకి వెళ్లగానే ఒక పొడుగాటి అబ్బాయి, ఎప్పుడూ నాకు హోంవర్క్ ఇవ్వని వాడు, ‘మిమ్మల్ని పంపించేస్తారా మిస్?’ అని అడిగాడు. మాది ఇండియా, దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ‘అయితే సరే’ అని, బ్యాగులోంచి మూడు వారాల హోంవర్క్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎందుకు పెట్టాడో నేనడగలేదు.

ఇక చేదు సంగతులు. మన రికార్డుల బాధ అక్కడ తప్పుతుందనుకోకు. టీచరుకు 8 ప్రమాణాలు పెట్టారు. ఒక్కోదానికీ నువ్వు దాన్ని అందుకున్నావని రుజువులు పోగెయ్యాలి. నా ఫైలు మా పాప ఎత్తుపీటలా పనికొచ్చేది. ఆదివారం రాత్రి ఒంటిగంట దాకా పాఠ్యపథకాలు. నవంబరులో ఒక శుక్రవారం క్లాసు పూర్తిగా చెయ్యి జారిపోయింది, ఒకడు సీలింగ్‌కి తడి కాగితపుండలు అంటిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రం 11 నంబరు బస్సెక్కాను. అప్పట్లో అది ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే బస్సు, ఒక చుట్టు 26 మైళ్లు. మా స్టాపులో దిగబుద్ధి కాలేదు. పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుని, ఏడ్చుకుంటూ, రెండు గంటల పైనే తిరిగి మళ్లీ మా స్టాపుకే వచ్చి దిగాను. మావారు అప్పటికి అన్నం వండి, చారు చల్లారబెట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నీ ప్రశ్నకు. మీ లెక్చరర్ గారి నవ్వులో సగం నిజముంది. మూడు లెక్కపెట్టడం తెనాలిలోనూ నేర్చుకోవచ్చు. నీ స్నేహితురాలిని వెనక బెంచీలో కూర్చోబెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ ఇవ్వు, ఈ వారమే. కానీ తెనాలిలో దొరకనిది ఒకటుంది. మన పిల్లలు టీచరు మీద గౌరవంతో తల ఊపుతారు. ఆ తల ఊపుడు చూసి మనం పాఠం చెప్పేశామనుకుంటాం. అక్కడ నేను ఎవరికీ ఏమీ కాను. నా ఊరు తెలీదు, యాస అర్థం కాదు, నేను అలిగితే బాధపడేవాళ్లు లేరు. అర్థమైతే అయినట్టు ముఖం, కాకపోతే కానట్టు ముఖం. వాళ్లకు మొహమాటం లేదు కాబట్టి నాకు నా పాఠం కనబడింది.

దానికోసం పొలం అమ్మమని మాత్రం అనను. నాకు ఇల్లూ తిండీ మావారి జీతంలో గడిచాయి, వీసా ఆయనదాని మీదే నడిచింది. నువ్వు విద్యార్థి వీసా మీద, విదేశీ విద్యార్థుల ఫీజు కట్టి వెళ్తే ఆ లెక్క పూర్తిగా వేరు. ఫిజిక్స్‌కి అక్కడ టీచర్ల కొరత ఉంది, ఆ సబ్జెక్టుకు బర్సరీలు (ట్రైనింగ్‌కి ఇచ్చే ఆర్థిక సాయం), స్కాలర్‌షిప్‌లు ఇస్తుంటారు, అవి విదేశీ విద్యార్థులకు వర్తిస్తాయో లేదో ముందు చూడు. ఇంకోటి, తిరిగొచ్చి డీఎస్సీ రాయాలనుంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపున్న బి.ఎడ్. ఉండాలి, టెట్ ఉండాలి. చేతిలో ఉన్న బి.ఎడ్. మధ్యలో వదిలేసి మాత్రం విమానం ఎక్కకు.

మా స్కూలుకు ఇప్పుడు ఏటా బి.ఎడ్. ఇంటర్న్‌లు వస్తారు. నేను వెనక బెంచీలో కూర్చుని అంకెలు వేస్తాను. మొన్న జులైలో వచ్చినమ్మాయికి కాగితం ఇస్తే చూసి, ‘అన్నీ సున్నాలేనా మేడం?’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు ఒకట్లు కూడా ఉన్నాయని చూపించాను.

*

ప్రశ్న: మా అమ్మాయి ఈ సెప్టెంబరులో ఇంగ్లండులో టీచర్ ట్రైనింగ్‌కి వెళ్తోంది. అక్కడ పిల్లలు టీచర్లను లెక్కచెయ్యరని, కొట్టే హక్కు కూడా లేదని విన్నాం. నెమ్మదస్తురాలు, ఎలా నెగ్గుకొస్తుందోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: కొట్టే హక్కు ఇక్కడా లేదు సార్. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చూడండి. వాళ్ల ప్రభుత్వ స్కూళ్లలో బెత్తం 1987లోనే పోయింది. తేడా ఎక్కడంటే, వాళ్లు బెత్తం తీసేసి ఆ చోట ఇంకోటి పెట్టారు. ఒకసారి చెప్తే హెచ్చరిక, రెండోసారికి బోర్డు మీద పేరు, మూడోసారికి బడి అయ్యాక అరగంట కూర్చోబెట్టడం, ఇలా మెట్లు ఉంటాయి. స్కూలును బట్టి కాస్త మారుతుంది గానీ, మీ అమ్మాయి ఒక్కతే పోరాడాల్సిన పనిలేదు, వెనక స్కూలంతా ఉంటుంది. మొదటి రోజే ఆ నియమాల కాగితం అడిగి తీసుకుని బట్టీ పట్టమనండి.

నెమ్మదస్తురాలైతే ఇంకా మంచిది. నేను ట్రైనింగ్ చేసిన స్కూల్లో, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో క్లాసు గడగడలాడించే టీచరు అయిదడుగులు లేని ఒక పెద్దావిడ. గొంతు పెంచగా నేను వినలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించి లోపలికి పంపేది. పేర్లే ఆవిడ బెత్తం. నేనూ రెండు రాత్రులు కూర్చుని, సీటింగ్ ప్లాన్ ముందేసుకుని 150 పేర్లు నేర్చుకున్నాను. అందులో ఏడుగురు మొహమ్మదులు.

*

ప్రశ్న: నేను బి.ఎడ్. చేసి ఆరేళ్లుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో గణితం చెబుతున్నాను. ఇంగ్లండులో టీచరుగా పని చెయ్యాలంటే మళ్లీ మొదటి నుంచి ట్రైనింగ్ కావాలా?
– ఒక గణిత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: అక్కర్లేదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇండియాలో ట్రైనింగ్ అయిన టీచర్లు కూడా వాళ్ల క్యూటీఎస్‌కు, అంటే అర్హత గల టీచరు హోదాకు, నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇండియా వాళ్లకు గణితం, సైన్సు, భాషలు చెప్పేవారికే ఆ వీలు, 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే ట్రైనింగ్ అయి ఉండాలి. మీరు రెండింట్లోనూ సరిపోతారు. అయితే క్యూటీఎస్ వచ్చినంత మాత్రాన వీసా రాదు, ఉద్యోగమూ రాదు. ఉద్యోగం వెతుక్కోవాలి, ఆ స్కూలు మీకు వీసా స్పాన్సర్ చెయ్యాలి. ఈ హోదా ఇప్పిస్తామని లక్షలడిగే ఏజెంట్ల దగ్గరకు పోకండి, దరఖాస్తు ఇంగ్లండు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే నింపుకోవచ్చు.

మీ అనుభవం నిజమో కాదో స్కూలుకే ఈమెయిల్ పెట్టి కనుక్కుంటారు. మీ కరస్పాండెంట్ గారు ఈమెయిల్ తెరిచే మనిషేనా, లేక అటెండర్ చేత ప్రింటు తీయించుకుని చదివే మనిషా అన్నది ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.